ఫుటీ మైదానంలో ఎత్తులు, పైఎత్తులు

పదే పది నియమాలు! ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ (వాడుకలో ఫుటీ) పుట్టినప్పుడు రూల్‌బుక్ మొత్తం అంతే. 1859 మే 17న మెల్‌బోర్న్‌లో టామ్ విల్స్, ఆయన మిత్రులు కూర్చుని రాసుకున్నారు. పరిగెత్తేవాణ్ణి తొయ్యొచ్చు, కాలు అడ్డంపెట్టి పడెయ్యొచ్చు. అప్పట్లో రెండూ ఒప్పే. బంతిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విసరకూడదు. 160 ఏళ్లు దాటాయి. కాలు అడ్డంపెట్టడం ఇప్పుడు ఫౌల్. విసరడం మీద నిషేధం మాత్రం చెక్కుచెదరలేదు: ఒక అరచేతిలో బంతి ఉంచుకుని, రెండో చేతి పిడికిలితో గుద్ది పంపాలి. గుద్దాడా, విసిరాడా? ఈ ఆటలో అతి పాత తగువు ఇదే. ఇవాళ్టికీ తెగలేదు.

కన్నుగప్పడానికి ఇంత చోటున్న మైదానం మరో ఆటలో అరుదు. కోడిగుడ్డు ఆకారం, పొడవు 185 మీటర్ల దాకా, వెడల్పు 155 మీటర్ల దాకా. రెండు హాకీ మైదానాలను పొడవునా పరిచినా ఇంకా రెండు మీటర్లు మిగులుతుంది. ఆడేవాళ్లు 36 మంది. లోపల తిరిగే ఫీల్డ్ అంపైరో? 1976 దాకా ఒక్కడే! ఆ ఏడాది ఇద్దరయ్యారు, 1994లో ముగ్గురు, 2023లో నలుగురు. 1985లో హాథోర్న్ దిగ్గజం లీ మాథ్యూస్, బంతి ఎక్కడో ఉండగా, జీలాంగ్ ఆటగాడు నెవిల్ బ్రన్స్ దవడ పగలగొట్టాడు. అంపైర్ల కంట పడలేదు. లీగ్ మాథ్యూస్‌ను నాలుగు వారాలు ఆటకు దూరం పెట్టింది, పోలీసులు కేసు పెట్టారు.

అత్యంత ఖరీదైన పరుగు: 1987 ప్రిలిమినరీ ఫైనల్. 23 ఏళ్ల తర్వాత ఫైనల్స్ దశకు చేరిన మెల్‌బోర్న్ జట్టు 4 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. హాథోర్న్‌కు చెందిన గ్యారీ బకెనారా చేతిలో ఒక్క కిక్ మిగిలింది. అదీ చాలా దూరం నుంచి. అప్పుడు జిమ్ స్టైన్స్ అనే ఐరిష్ కుర్రాడు మార్క్ (కిక్ కొట్టేవాడికి ఎదురుగా ప్రత్యర్థి నిలబడాల్సిన చోటు) దాటి అతని ముందుగా పరిగెత్తాడు. 15 మీటర్ల శిక్ష! బకెనారా అంత ముందుకొచ్చి, సైరన్ మోగాక కొట్టిన బంతి గోల్ అయింది. గోల్‌కు 6 పాయింట్లు. హాథోర్న్ 2 పాయింట్లతో గెలిచింది. మరుసటి ఏడాది ఆ శిక్ష ఏకంగా 50 మీటర్లయింది, రెండు తాటిచెట్లను కొసాకొసా కలిపి పడుకోబెట్టినంత! స్టైన్స్ అక్కడితో కుంగిపోలేదు. 1991లో, సీజన్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం గెలిచాడు. వరుసగా 244 మ్యాచ్‌లాడిన రికార్డు అతనిదే. ఈ ఆట చరిత్రలో ఇంత గొప్పగా తిరిగి లేచినవాడు నాకు మరొకడు కనపడడు.

అతి ఎక్కువ దానాలు: పదకొండు! గోల్ స్తంభాల మధ్యకు వస్తున్న బంతిని డిఫెండర్ తానే గీత దాటిస్తే ప్రత్యర్థికి 6 బదులు 1 పాయింటే (బిహైండ్) దక్కుతుంది. మళ్లీ ఆట మొదలెట్టే కిక్ మాత్రం డిఫెండర్‌దే. 2008లో రిచ్‌మండ్ ఆటగాడు జోయెల్ బౌడెన్ ఎసెండన్ మీద 6 పాయింట్ల ఆధిక్యంలో ఉండగా, చివరి క్షణాల్లో కావాలనే రెండుసార్లు వెనక్కి నడిచి రెండు పాయింట్లు ఇచ్చాడు, కాలం కరిగించాడు, 4 పాయింట్లతో గెలిపించాడు. అదే ఏడాది గ్రాండ్ ఫైనల్లో హాథోర్న్ ఈ ఎత్తునే 11 సార్లు వేసి, 115–89తో జీలాంగ్‌ను ఓడించింది. జీలాంగ్ లెక్కలోని 23 బిహైండ్లలో 11 హాథోర్న్ చేతులారా ఇచ్చినవే! వేదిక మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024లో టెస్టు సెంచరీ కొట్టింది అక్కడే. 2009లో రూల్ మారింది: కావాలని దాటిస్తే ఫ్రీ కిక్. నా మటుకు బౌడెన్‌ది మోసం కాదు. ధర చెల్లించాడు, కాలం కొనుక్కున్నాడు. అదే మైదానంలో 1981లో క్రికెట్ బౌలర్ ట్రెవర్ చాపెల్ నేలమీద దొర్లించిన బంతికీ దీనికీ పోలిక తెస్తారు. అది అన్యాయం. ఆ బంతికి బౌలర్ మూల్యమేమీ చెల్లించలేదు, బ్యాట్స్‌మన్‌కు ఎత్తి కొట్టే వీలే లేకుండా చేశాడు.

అతి చిన్న కదలిక, అతి పెద్ద రభస: బంతి ఉన్నవాడు భుజం ఎగరేయడం. పట్టుకోబోయినవాడి చెయ్యి మెడమీదికి జారేది, ఫ్రీ కిక్ వచ్చేది. మోకాళ్లు వంచినా అంతే. 2022 సీజన్ మధ్యలో లీగ్ తేల్చి చెప్పింది: దెబ్బను కావాలని తలమీదికి తెచ్చుకున్నవాడికి ఫ్రీ కిక్ లేదు. చాలా ఏళ్ల ముందే చెప్పాల్సిన మాట. తలకు తగిలే దెబ్బతో బేరమాడకూడదు.

అతి పొడవైన శిక్షల్లో ఒకటి: 99 మ్యాచ్‌లు. 1910లో లంచం వ్యవహారంలో కార్ల్‌టన్ ఆటగాళ్లు అలెక్స్ లాంగ్, డగ్ ఫ్రేజర్‌లకు పడింది. జరిమానాల్లో 2002లో జీతాల పరిమితి దాటిన కార్ల్‌టన్‌కు 9,30,000 డాలర్లు. 2013లో సప్లిమెంట్ల వివాదంలో ఎసెండన్‌కు 20 లక్షలు. రెట్టింపు కంటే ఎక్కువ!

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది మాత్రం 5 లక్షల డాలర్ల జరిమానా. వరసగా రెండేళ్లు ఐదు కంటే తక్కువ విజయాలుంటే డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) మొట్టమొదటే ఓ అదనపు అవకాశం దొరికే కాలమది. 2009లో మెల్‌బోర్న్ గెలిచినవి నాలుగే. మొదటి రెండు ఎంపికలూ ఆ క్లబ్‌కే! 2013లో లీగ్, క్లబ్ కావాలని ఓడిందని తేల్చలేదు గానీ జరిమానా వేసింది, నాటి కోచ్‌నూ ఫుట్‌బాల్ మేనేజర్‌నూ సస్పెండ్ చేసింది. ఓడితే లాభమొచ్చే పద్ధతిని పెట్టిందే లీగ్. టికెట్ కొని గొంతు చించుకుని అరిచిన అభిమానికి ఎవరూ ఏమీ తిరిగివ్వలేదు.

అతి చిన్న తేడా: ఒక్క వోటు. బ్రౌన్‌లో పతకం 1924 నుంచీ ఉంది. నిజాయితీగా ఆడినవారిలో ఉత్తముడికిస్తారు, అంపైర్లే వోట్లేస్తారు, ఆ సీజన్లో సస్పెండైనవాడికి అర్హత లేదు. 1997లో క్రిస్ గ్రాంట్‌కు 27 వోట్లు వచ్చాయి, రాబర్ట్ హార్వీకి 26. పతకం హార్వీదే! గ్రాంట్‌కు ఒకే ఒక్క మ్యాచ్ నిషేధం, అదీ అంపైర్లు ఫిర్యాదు చేయని ఘటనకు. 2022లో కథ తిరగబడింది. బ్రిస్బేన్ ఆటగాణ్ణి ఢీకొట్టినందుకు ప్యాట్రిక్ క్రిప్స్‌కు రెండు మ్యాచ్‌ల నిషేధం పడింది, అప్పీల్లో రద్దయింది. క్రిప్స్‌కు 29 వోట్లు, రెండో స్థానంలో లాకీ నీల్‌కు 28. నీల్‌ది దెబ్బతిన్నవాడి జట్టే! అప్పీల్ తీర్పు ఇటు తిరిగింది కాబట్టి పతకం క్రిప్స్‌ది. నా వోటు ఇప్పటికీ గ్రాంట్ పక్షాన.