కడుపు చిన్నదైతే చాలదు

బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఇప్పుడు మన చెన్నైలో చాలామందే కనిపిస్తున్నారు. మా ఇంట్లో మా పెద్దమ్మ ఉంది. "ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంక బరువు దానంతటదే తగ్గుతుంది" అంటారు చుట్టాలు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుందని రెండేళ్లుగా దగ్గరుండి చూస్తున్నాను.

పెద్దమ్మకి చేసింది స్లీవ్ ఆపరేషన్. ఇందులో జీర్ణాశయంలో సుమారు 80 శాతం తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా ఉంచుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే మొదట్లో ఆకలి కూడా తగ్గుతుంది. తర్వాత చాలామందికి అది కొంత తిరిగి వస్తుంది. మంచి అలవాట్లు ఆలోగా కుదరాలి, లేకపోతే బరువూ తిరిగి వస్తుంది.

మొదటిది మాంసకృత్తులు. రోజుకి కనీసం 60 గ్రాములు కావాలంటారు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. కొంచెమే పట్టే కడుపులో ముందు అన్నం పడితే పప్పుకి చోటెక్కడ? అందుకే పెద్దమ్మ కంచంలో వరస మారింది. ముందు గుడ్డో, చేపో, సుండలో; తర్వాత కూర; చివర్లో చోటుంటే రెండు ముద్దల అన్నం.

రెండోది నీళ్లు. తింటూ తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. మిగతా వేళల్లో గుక్క గుక్కగా తాగుతుండాలి.

మూడోది మాత్రలు. బి12 ఒంటికి పట్టడానికి కావలసిన పదార్థం జీర్ణాశయంలోనే తయారవుతుంది. ఆ భాగం తగ్గాక బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు జీవితాంతం వేసుకోవాలి, ఏటా రక్తపరీక్ష చేయించుకోవాలి. నెలసరి వచ్చే వయసువాళ్లకి ఐరన్ సంగతి మరీ ముఖ్యం. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలల దాకా గర్భం రాకుండా చూసుకోమని కూడా డాక్టర్లు చెబుతారు.

ఇవన్నీ కాగితం మీద సులువే. కష్టం మన పంక్తి భోజనాల్లో ఉంది. మనవాళ్లకి ప్రేమంటే వడ్డించడమే. పెద్దమ్మ ఒక్కో ముద్దా నమిలి నమిలి తినేసరికి అరగంట పడుతుంది. "ఏంటే, మా వంట నచ్చలేదా?" అని ఎవరో ఒకరు ఇంకో గరిటె వేసేస్తారు. ఆ ఒక్క ముద్ద ఎక్కువైతే గుండెల్లో పట్టేసినట్టయి వాంతి అవుతుంది.

మొన్న ఆవిడ నాలుగు కిలోలు పెరిగింది. సిగ్గుతో డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసింది. అమ్మ బలవంతంగా తీసుకెళ్తే డైటీషియన్ కోప్పడలేదు, రోజంతా ఏం తింటున్నారో రాసుకురమ్మంది. రాస్తే బయటపడింది: భోజనం కొంచెమే, కానీ మధ్యమధ్యలో మురుకులు, తీపి కాఫీ. ఇలాంటివి చిన్న కడుపులోంచి కూడా తేలిగ్గా జారిపోతాయి, ఎన్నిసార్లయినా పడతాయి.

ఇప్పుడు మురుకుల డబ్బా ఎవరికోసమూ ఇంట్లో లేదు. కాఫీలో చక్కెర అందరికీ తగ్గింది. సాయంత్రం అరగంట పెద్దమ్మతో నేనూ నడుస్తున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటివాళ్లుంటే గరిటె పక్కన పెట్టి, వాళ్లంతట వాళ్లని వడ్డించుకోనివ్వండి. బరువు పెరిగితే ఎగతాళి చెయ్యకుండా, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి.