చందా ముగిసిన తరువాత

బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల వెలసిననాడు పత్రికకు చందా కట్టుట యనగా సంచికను కొనుటయే. చందా ఆగినను పాత సంచికలు బీరువాలో నిలిచెడివి. నేడు అంతర్జాలమున కొనునది తరచు చదువుకొను అనుమతి మాత్రమే. గడువు తీరినచో తలుపు మూతపడవచ్చును.

2025లో ఆరంభమైన ‘ఒకే దేశం ఒకే చందా’ పథకము మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలతో సుమారు 13,000 పరిశోధన పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందింప సంకల్పించినది. రేపల్లె ప్రభుత్వ కళాశాల వంటిది అన్నిటిని అచ్చులో కొనజాలదు గనుక ఇది మేలే. తెనాలిలోని ప్రైవేటు కళాశాలలకు తొలి దశలో ఆ భాగ్యము లేదు.

బాపట్ల జిల్లాలోని వేటపాలెమున 1918లో స్థాపితమైన సారస్వత నికేతనము కాగితమును కాపాడినందుననే నాటి తెలుగు పత్రికలు నేటికిని చదువ దొరకుచున్నవి. కావున దూరదేశపు పత్రికలను తెరపై చదువవచ్చును. చందా కట్టిన యేండ్ల సంచికలు శాశ్వతముగా దక్కునట్లు ఒప్పందమున కోరవలెను. తెలుగు పత్రికలను మాత్రము బైండు చేసి దాచవలెను.