ప్రాంగణ నియామకాలు: ప్రకటనలోని అంకెలు, ప్రకటనలో లేని అవకాశాలు



జూన్ నెల వచ్చిందంటే మన ఊళ్ళలో బస్టాండు నుంచి బజారు దాకా కళాశాలల ఫ్లెక్సీలు వెలుస్తాయి. వరుసగా పాస్‌పోర్టు ఫొటోలు, వాటి కింద సంస్థల పేర్లు, జీతాలు. పైన పెద్ద అక్షరాలలో ‘90 శాతం ప్లేస్‌మెంట్లు’, ‘సగటు ప్యాకేజీ 8 లక్షలు’, ‘అత్యధికం 43.5 లక్షలు’. ఇంటర్ పాసైన విద్యార్థి, వెంట వచ్చిన తండ్రి ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి చదువుకుంటారు. బ్యాంకు అప్పు తీసుకోవాలా, ఏ కోర్సులో చేరాలి, భౌతికశాస్త్రం చదవాలని ఉన్న అమ్మాయి దానిని వదిలి కంప్యూటర్ల వైపు వెళ్ళాలా అనే నిర్ణయాలు ఎన్నో ఇళ్ళలో ఈ మూడు అంకెల మీదే జరుగుతున్నాయి. ఇంత బరువు మోసే అంకెను ప్రయోగశాలలో కొలతను పరిశీలించినట్టే పరిశీలించాలి. దేనిని కొలిచారు, దేనితో భాగించారు, ఎవరిని లెక్కలోంచి వదిలేశారు? ఈ పాఠంలో మొదట ఆ పని చేద్దాం. తరువాత, ఫ్లెక్సీ మీద ఎప్పుడూ కనిపించని కొన్ని అవకాశాలను, ముఖ్యంగా సైన్సు విద్యార్థుల కోసం, చెప్పుకుందాం.

ప్రాంగణ నియామకం అంటే కోర్సు పూర్తికాక ముందే సంస్థలు కళాశాలకు వచ్చి విద్యార్థులను ఎంపిక చేసుకోవడం. మధ్యలో ప్లేస్‌మెంట్ సెల్ ఉంటుంది. సంస్థ తన షరతులు ముందే చెబుతుంది: సాధారణంగా పదో తరగతి నుంచి 60 శాతం మార్కులు, తప్పిన సబ్జెక్టులు ఉండకూడదు. ఆ షరతులకు సరిపోయి, పేరు నమోదు చేసుకున్న వారికే పరీక్ష. ఒక విద్యార్థికి ఒక ఉద్యోగం అనే నియమం కొన్ని చోట్ల ఉంది, కొన్ని చోట్ల లేదు. ఈ చిన్న వివరాలే శాతాన్ని తారుమారు చేస్తాయి.

హారం ఎక్కడ ఉంది?

ఒక కళాశాలను ఊహించుకుందాం. చివరి సంవత్సరంలో 120 మంది ఉన్నారు. మార్కుల షరతు దాటి నమోదు చేసుకున్నవారు 70 మంది. సంస్థలు ఇచ్చిన ఆఫర్లు మొత్తం 63. ఇక 63ను 70తో భాగించండి, 90 శాతం వస్తుంది. ఫ్లెక్సీ సిద్ధం.

కానీ 63 ఆఫర్లు 63 మందికి రాలేదు. చురుకైన కొందరికి రెండేసి, మూడేసి వచ్చాయి. ఉద్యోగం దొరికిన విద్యార్థులు 48 మందే అనుకుందాం. అప్పుడు నమోదైనవారిలో 48/70, అంటే సుమారు 69 శాతం. తరగతి మొత్తంలో చూస్తే 48/120, అంటే 40 శాతం. ఒకే కళాశాల, ఒకే సంవత్సరం. 90, 69, 40. మూడింటిలోనూ లెక్క తప్పు లేదు. లవంలో ఆఫర్లను పెట్టారా మనుషులను పెట్టారా, హారంలో ఎవరిని పెట్టారు అన్నదే తేడా.

కళాశాల వైపు నుంచి కూడా ఒక న్యాయమైన మాట ఉంది. 120 మందీ ఉద్యోగం కోరుకోలేదు కదా! వారిలో 30 మంది పై చదువులకు వెళ్ళారనుకుంటే, వారిని నిరుద్యోగులుగా లెక్కించడం సరికాదు. వారిని తీసివేస్తే 48/90, సుమారు 53 శాతం. నా దృష్టిలో మీకు పనికివచ్చే అంకె ఇదే, ఎందుకంటే ఉద్యోగం కోరి చేరే సాధారణ విద్యార్థి అవకాశాన్ని ఇది చెబుతుంది. ‘వంద శాతం’ అని రాసిన చోట మాత్రం నేను హారం కోసం వెతకడం మొదలుపెడతాను.

సగటు, మధ్యగతం

పదో తరగతి సాంఖ్యకశాస్త్రంలో అంకగణిత సగటు, మధ్యగతం, బాహుళకం అని మూడు చదివారు. పరీక్ష అయ్యాక చాలామంది మరచిపోతారు. ఇప్పుడు వాటితో పని పడింది.

పది మందికి ఉద్యోగాలు వచ్చాయి. ఏడుగురికి ఏడాదికి 3.5 లక్షలు, ఇద్దరికి 6 లక్షలు, ఒక్కరికి 43.5 లక్షలు. మొత్తం 80 లక్షలు, పదితో భాగిస్తే సగటు 8 లక్షలు. ఆ తరగతిలో 8 లక్షలు వచ్చిన విద్యార్థి ఒక్కడూ లేడు. పదిలో తొమ్మిది మంది ‘సగటు’ కంటే తక్కువలో ఉన్నారు! జీతాలను వరుసలో పేర్చి నడుమ ఉన్నదాన్ని తీసుకుంటే మధ్యగతం 3.5 లక్షలు. ఆ ఒక్కరి జీతం 43.5 లక్షల నుంచి కోటికి పెరిగినా మధ్యగతం కదలదు, సగటు మాత్రం 13 లక్షలు దాటుతుంది. కొద్దిమంది చాలా పైన, ఎక్కువమంది కింద గుమిగూడి ఉండే దత్తాంశానికి మధ్యగతమే తగిన కొలమానం.

ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. కేంద్ర ప్రభుత్వం 2015లో ఆరంభించి, 2016 నుంచి ర్యాంకులు ప్రకటిస్తున్న ఎన్.ఐ.ఆర్.ఎఫ్. విధానంలో విద్యాసంస్థలు సగటు జీతాన్ని కాక మధ్యగత జీతాన్ని ఇవ్వాలి. అంతేకాదు, ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఎంతమంది పై చదువులకు ఎంపికయ్యారు అన్నవి కూడా అదే పట్టికలో ఉంటాయి. దీనిలో పాల్గొన్న సంస్థలు తాము పంపిన ఈ సమాచారాన్ని తమ వెబ్‌సైటులో పెడతాయి. ఇంటర్నెట్ కేంద్రంలో పది నిమిషాలు కూర్చుంటే చాలు, మనం పైన కట్టిన భిన్నాన్ని మీ కళాశాలకు మీరే కట్టవచ్చు. ఫ్లెక్సీని, ఆ పట్టికను పక్కపక్కన పెట్టి చదవండి.

ప్యాకేజీలో చేతికి వచ్చేది ఎంత?

‘ప్యాకేజీ’ అంటే జీతం అనుకునేవారు చాలామంది. అది సి.టి.సి., అంటే ఒక ఉద్యోగి మీద సంస్థ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. ఏడాదికి 4,20,000 అని ఉన్న ఆఫర్‌ను విప్పి చూద్దాం. పన్నెండుతో భాగించి నెలకు 35,000 అని ఇంట్లో చెప్పేస్తారు. మూల వేతనం నెలకు 17,500 అనుకుంటే, భవిష్యనిధికి సంస్థ వేసే 12 శాతం వాటా నెలకు 2,100, ఏడాదికి 25,200. గ్రాట్యుటీ ఏడాదికి పదిహేను రోజుల వేతనం, నెలకు 26 పనిదినాల లెక్కన. అది సుమారు 10,100. ఆరోగ్య బీమా ప్రీమియం 6,000 అనుకుందాం. పనితీరును బట్టి ఇచ్చే చరవేతనం పది శాతం, అంటే 42,000. ఇవన్నీ కలిపి 83,300. దీనిని తీసివేస్తే మిగిలేది 3,36,700, నెలకు సుమారు 28,050. అందులోంచి మీ వంతు భవిష్యనిధి 2,100, హైదరాబాదులో ఉంటే వృత్తిపన్ను 200 పోతాయి. చేతికి వచ్చేది సుమారు 25,750.

ఇందులో మోసమేమీ లేదు. భవిష్యనిధి మీ పొదుపే. అయితే గ్రాట్యుటీ రావాలంటే శాశ్వత ఉద్యోగి సాధారణంగా అయిదేళ్ళు పనిచేయాలి, చరవేతనం ఎంత వస్తుందో ఏడాది చివరకు గాని తేలదు. నగరంలో హాస్టలు, తిండి, రవాణా ఖర్చులతో పాటు విద్యారుణం కంతు కూడా ఉన్న విద్యార్థి 35,000 మీద బడ్జెట్ వేసుకుంటే మొదటి నెలలోనే ఇబ్బంది పడతాడు.

ఆఫర్ పత్రం వేరు, ఉద్యోగంలో చేరడం వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2008-09 మాంద్యంలోను, మళ్ళీ 2022-23లోను కొన్ని పెద్ద ఐటీ సంస్థలు ఎంపికైనవారిని చేర్చుకోవడం నెలల తరబడి వాయిదా వేశాయి. కాబట్టి పత్రంలో చేరే తేదీ ఉందా, శిక్షణ కాలంలో జీతం ఎంత, ఇన్నేళ్ళలోపు మానేస్తే ఇంత కట్టాలనే ఒప్పందం ఉందా చదివి సంతకం చేయండి. శిక్షణకో, రిజిస్ట్రేషన్‌కో, ‘రీఫండబుల్ డిపాజిట్’కో ముందుగా డబ్బు అడిగితే మారుమాట లేకుండా వెనక్కి రండి.

ఎంపిక ఎలా జరుగుతుందో మీ సీనియర్లే బాగా చెబుతారు కనుక నేను విస్తరించను. సంస్థ పరిచయ ప్రసంగం, రాతపరీక్ష, కొన్ని చోట్ల గ్రూప్ డిస్కషన్, సాంకేతిక ఇంటర్వ్యూ, చివరగా హెచ్.ఆర్. ఇంటర్వ్యూ. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. సాంకేతిక ఇంటర్వ్యూలో ఎక్కువ ప్రశ్నలు మీ బయోడేటాలోంచే పుడతాయి. జిరాక్సు దుకాణంలో కొన్న ప్రాజెక్టు రిపోర్టును బయోడేటాలో రాస్తే, ‘ఈ గ్రాఫులో వక్రరేఖ ఇక్కడ ఎందుకు వంగింది?’ అన్న రెండో ప్రశ్నకే విషయం బయటపడుతుంది. చిన్నదైనా స్వయంగా చేసిన ప్రయోగం గురించి అరగంట మాట్లాడగలరు.

ఫ్లెక్సీ మీద లేనివి

ప్రాంగణ నియామకాలకు వచ్చే సంస్థలు ఎక్కువగా సాఫ్ట్‌వేర్, బ్యాంకింగ్, మందుల కంపెనీలు. బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. విద్యార్థులకు ఉన్న పెద్ద ద్వారాలు చాలావరకు కళాశాల గేటు బయట, దేశవ్యాప్త ప్రకటనల రూపంలో ఉన్నాయి. వాటిని ఎవరూ మీ తరగతి గదికి తెచ్చి ఇవ్వరు. వాటి తేదీలు కూడా మీరు అనుకున్నదాని కంటే ముందే వచ్చి వెళ్ళిపోతాయి.

మొదటిది, వేసవి పరిశోధన ఫెలోషిప్పులు. సి.వి. రామన్ 1934లో బెంగళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా, అలహాబాదు (నేటి ప్రయాగ్‌రాజ్)లో 1930లో మొదలైన నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కలిసి ఏటా ఈ కార్యక్రమం నడుపుతున్నాయి. ఎంపికైన విద్యార్థి రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తాడు, భత్యం ఇస్తారు. ప్రవేశ పరీక్ష ఉండదు. మార్కులు, మీరు రాసిన చిన్న వ్యాసం, మీ అధ్యాపకుల సిఫారసు లేఖ, ఇవే ఆధారం. (ఇందులో అధ్యాపకులకూ అవకాశం ఉంది; మీ మాస్టారికి చెప్పి చూడండి.) ముంబైలోని టాటా పరిశోధన సంస్థ, బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ కూడా ఇటువంటి వేసవి కార్యక్రమాలు నడుపుతాయి. వేసవిలో చేసే పనికి దరఖాస్తులు అంతకు ముందు శరదృతువు, శీతాకాలాల్లోనే ముగిసిపోతాయన్నది ఇక్కడి కీలకం. ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక ‘వేసవిలో ఏం చేద్దాం?’ అని అడిగే విద్యార్థికి నేను చెప్పగలిగింది చాలా తక్కువ.

రెండవది, జాతీయ పరీక్షలు. ఐఐటీలలో ఎం.ఎస్సీ. ప్రవేశానికి జామ్, ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తులు సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతాయి. గేట్ పరీక్ష కూడా ఫిబ్రవరిలోనే. డిగ్రీ మూడో సంవత్సరంలో ఉన్నవారు సైతం రాయవచ్చు, స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. గేట్ ద్వారా ప్రభుత్వ రంగ సంస్థలలో వచ్చే ఉద్యోగాలు ఎక్కువగా ఇంజనీరింగ్ వారికే అయినా, పరిశోధన ప్రవేశాలకు సైన్సు వారికీ ఉపయోగం. ఎం.ఎస్సీ. చేసేవారికి సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ ఉంది, సాధారణంగా ఏడాదికి రెండుసార్లు. భౌతిక, రసాయన, జీవ, గణిత, భూ శాస్త్రాలు అయిదు విభాగాలు. అందులో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే, 2023 జనవరి నుంచి అమలైన పెంపు ప్రకారం నెలకు 37,000, ఇంటి అద్దె భత్యం అదనం. ఇందాక మనం లెక్కగట్టిన 25,750తో పోల్చుకోండి. అయితే ఇది మరో రెండేళ్ళ చదువు తరువాత వచ్చేది, పోటీ తీవ్రం. ఆ రెండూ కూడా తూకంలో వేయాలి.

బాబా అణు పరిశోధన కేంద్రం 1957 నుంచి శిక్షణ పాఠశాల నడుపుతోంది. ఇంజనీరింగ్ పట్టభద్రులను, సైన్సు పీజీలను వడపోత, ఇంటర్వ్యూల ద్వారా తీసుకొని, ఏడాది శిక్షణ తరువాత అణుశక్తి విభాగంలో సైంటిఫిక్ ఆఫీసర్లుగా నియమిస్తుంది. మన జిల్లాల కళాశాలల్లో ఈ పేరు విన్నవారు తక్కువ.

మూడవది, ప్రాంగణ ఉత్సవాలు. సాంస్కృతిక ఉత్సవాలకు నేను వ్యతిరేకిని కాను, ఆటపాటలు ఉండాలి. కానీ సైన్సు విద్యార్థికి రెండు తేదీలు వేరుగా గుర్తుండాలి. ఒకటి ఫిబ్రవరి 28, జాతీయ సైన్సు దినోత్సవం. 1928లో ఆ రోజున రామన్ ఫలితాన్ని కనుగొన్నారు. రెండవది సెప్టెంబరు 26, సి.ఎస్.ఐ.ఆర్. స్థాపన దినం (1942). ఈ తేదీల ప్రాంతంలో పలు జాతీయ ప్రయోగశాలలు తమ తలుపులు విద్యార్థుల కోసం తెరుస్తాయి. హైదరాబాదులో సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి., ఎన్.జి.ఆర్.ఐ. మూడూ ఉస్మానియా విశ్వవిద్యాలయానికి దగ్గరలోనే ఉన్నాయి. ఆ రోజు యంత్రం పక్కన నిలబడి వివరించేది సాధారణంగా పరిశోధక విద్యార్థి, మీకంటే నాలుగైదేళ్ళు పెద్ద. యంత్రం గురించి అడిగాక, ‘అన్నా, మీరు ఇక్కడికి ఎలా వచ్చారు? ఏ పరీక్ష రాశారు? ఎప్పుడు దరఖాస్తు చేశారు?’ అని అడగండి. ఏ బ్రోషరులోనూ దొరకని సమాధానం అక్కడ దొరుకుతుంది.

ఇక సిఫారసు లేఖ. జిల్లా కేంద్రంలోని డిగ్రీ కళాశాలలో అధ్యాపకులను ఇటువంటి లేఖ అడిగినవారు అంతకుముందు ఉండకపోవచ్చు. గడువుకు ముందు రోజు సాయంత్రం స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడితే ‘ఈ విద్యార్థి మంచివాడు, క్రమశిక్షణ గలవాడు’ అనే రెండు వాక్యాలకు మించి రావు. మూడు వారాల ముందు వెళ్ళండి. మార్కుల జాబితా, మీరు రాసిన వ్యాసం, ప్రయోగశాల రికార్డు, ప్రకటన ప్రతి వెంట తీసుకువెళ్ళండి. ఆ ప్రయోగశాలలో మీరు ఏం చేశారో మాస్టారికి గుర్తుచేయండి. కొన్ని కార్యక్రమాలలో లేఖను అధ్యాపకులే నేరుగా కంప్యూటర్ ద్వారా పంపాలి, అందుకు వారి ఈ-మెయిల్ చిరునామా మీరు దరఖాస్తులో ఇవ్వాలి. అది వారు రోజూ చూసే చిరునామాయేనా అని ముందే అడిగి తెలుసుకోండి.