పొగ వస్తే సంచి వదిలేయండి!

కూతురి కాన్పుకనో, మనవడిని చూసుకోవడానికనో అమెరికా విమానం ఎక్కే అమ్మలు మా పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో తక్కువేం కాదు. సకినాలు విరగకుండా సర్దడం మనకెవరూ నేర్పనక్కర్లేదు. విమానంలో పొగ వస్తే ఏం చేయాలన్నది మాత్రం ఎవరినీ అడగం. "ప్రయాణం ముందు ఆ మాటలెందుకే?" అంటుంది మా పెద్దమ్మ. తెలుసుకుంటే శకునమేం చెడదు కదండీ!

2022 అక్టోబర్ 12 రాత్రి గోవా నుంచి హైదరాబాద్ వస్తున్న స్పైస్‌జెట్ విమానం లోపల పొగ కమ్మింది. శంషాబాద్‌లో దించి అందరినీ బయటికి పంపారు. ఇంజన్ ఆయిల్ ఏసీ గాలిలో కలవడమే కారణమని డీజీసీఏ చెప్పింది. చాలా విమానాల్లో మనం పీల్చే గాలి ఇంజన్ల మీదుగానే వస్తుంది. అందుకే మంట లేకున్నా పొగ, ఘాటు వాసన రావచ్చు.

అప్పుడు లేచి పరుగెత్తకండి. బెల్టు తీయకుండా సిబ్బంది మాట వినండి. కొంగు తడిపి ముక్కుకు, నోటికి అడ్డం పెట్టుకోండి. విషవాయువులను ఆపదు గానీ మసిని కొంత ఆపుతుంది. పైనుంచి వేలాడే ఆక్సిజన్ మాస్కు పొగ కోసం పెట్టింది కాదు, చుట్టూ ఉన్న గాలి కూడా అందులో కలుస్తుంది. పైలట్లకు వేరే మాస్కులుంటాయి.

నేల మీదికి వచ్చాక దిగమంటే మాత్రం క్షణం ఆగొద్దు. పొగ పైకి లేస్తుంది కాబట్టి వంగి నడవాలి. నేనైతే ఎక్కగానే ముందూ వెనకా తలుపుల దాకా ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టుకుంటాను. ఏమీ కనిపించకపోయినా సీట్లు తడుముకుంటూ పోవచ్చు.

పొగా మంటా ఎంత వ్యవధి ఇస్తాయో మా జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోయారు. సగం తలుపులే తెరుచుకున్నా 90 సెకన్లలో విమానం ఖాళీ కావాలన్నది నిబంధన. ఒక్కరు పై అరలోంచి బ్యాగు లాగుతూ నిలబడితే వెనకవాళ్లంతా ఆగిపోతారు. 2024 జనవరి 2న టోక్యోలో విమానం అంటుకున్నప్పుడు అందులోని 379 మందీ బతికి బయటపడ్డారు. సామాన్లు వదిలేసి దిగడం అందుకు ఒక కారణం.

పాస్‌పోర్టు, మందులు మెడలో వేసుకునే చిన్న సంచిలో పెట్టుకోండి. ఇంగ్లీషు రాదని మొహమాటపడొద్దు. ఎక్కగానే "తలుపు ఎటు?" అని చేత్తో చూపించి అడిగినా చెబుతారు.