ఇంటి చదువుకీ వేసవి వస్తుంది: అపోహలు – వాస్తవాలు

ఏప్రిల్ నాలుగో వారం వస్తే విజయవాడ వన్ టౌన్‌లోని కొత్తపేట, చిట్టినగర్, పంజా సెంటర్ వీధుల్లో పొద్దున్నే కిక్కిరిసిపోయే బడి ఆటోలు కనబడవు. మన రాష్ట్రంలో వేసవి సెలవులు ఏటా ఇంచుమించు ఒకే లెక్క. 2025లో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఇచ్చి, 12న బళ్లు తెరిచారు. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే కుటుంబాలు మన వన్ టౌన్‌లో బహు తక్కువ. కానీ సరిగ్గా ఈ రోజుల్లోనే వాళ్లకు ప్రశ్నల తాకిడి ఎక్కువ. పక్కింటి పిన్నిగారి దగ్గర్నుంచి పెళ్లికొచ్చిన మేనమామ దాకా అందరిదీ ఒకటే ఆరా: "మీవాడికి పరీక్షలైపోయాయా అమ్మా? రిజల్టు ఎప్పుడొస్తుంది? అసలు మీకు సెలవులుంటాయా?" అడిగేవాళ్లు ప్రేమగానే అడుగుతారు. తల్లి మాత్రం ఏం చెప్పాలో తోచక నీళ్లు నములుతుంది.

నేను బడిలో పాఠాలు చెప్పినదాన్ని, బడి అంటే గౌరవం ఉన్నదాన్ని. అయినా ఈ ఇళ్ల గురించి జనంలో తిరిగే మాటల్లో చాలావాటికి ఆధారం లేదని చెప్పక తప్పదు. ఆ కుటుంబాలవాళ్లే నమ్ముతున్న అపోహలు కూడా కొన్ని ఉన్నాయి. వాటివల్ల పిల్లలకు జరిగే నష్టం ఇంకా ఎక్కువ. ముందు అలాంటిదే ఒకటి.

అపోహ: బడే లేనప్పుడు ఏడాది ముగింపు ఏమిటి? మాకు ఏడాదంతా చదువే, ఏడాదంతా సెలవులే.

వాస్తవం: ఇది ఇంటి చదువుల కుటుంబాలు గొప్పగా చెప్పుకునే మాట. వినడానికి బాగుంటుంది, ఇల్లు నడపడానికి పనికిరాదు. ముగింపు లేని చదువులో పిల్లవాడికి తానెంత దూరం వచ్చాడో తెలియదు. తల్లికి విశ్రాంతి ఉండదు. జూన్ వచ్చాక ఎక్కడ మొదలెట్టాలో ఇద్దరికీ తోచదు.

శివాలయం వీధిలో నాకు తెలిసిన ఒక ఇంట్లో ఏప్రిల్ ఆఖరున చాప పరిచి ఏడాది పుస్తకాలన్నీ ముందేసుకుంటారు. మూడో తరగతి వయసు పాప, ఆరో తరగతి వయసు బాబు. జూన్ నాటి చేతిరాత పక్కన మార్చి నాటి చేతిరాత పెడతారు. పాప మొదట్లో ఒత్తులన్నీ అక్షరం కింద కాకుండా పక్కన రాసేది. ఇప్పుడు ఆ పేజీ చూసి తనే నవ్వుతుంది. బాబు లెక్కల పుస్తకంలో భిన్నాల కూడికల దగ్గర మూడు నాలుగు పేజీలు కొట్టివేతలతో నల్లగా ఉన్నాయి. వాటిని చింపలేదు. తేదీ వేసి ఫైల్లో పెట్టారు, అదే లెక్క తప్పు లేకుండా చేసిన పేజీని వాటి వెనకే పెట్టారు. చదివిన కథల పుస్తకాల పేర్లు పిల్లలే రాశారు. చివర్లో ఒక తెల్లకాగితం మీద మూడు వరసలు గీశారు: బాగా వచ్చినవి, సగం వచ్చినవి, అసలు ముట్టుకోనివి. మూడో వరసలో బాబు పేరు కింద "హిందీ" అని రాసేటప్పుడు వాళ్లమ్మ కాసేపు ఆగింది. రాసింది. ఆ ధైర్యం ఉన్న ఇంట్లో చదువు సాగుతుందని నా నమ్మకం.

మార్కుల కాగితం కంటే ఇలాంటి ఫైలు ఎక్కువ చెబుతుంది. రేపు ఏ బడికి వెళ్లినా, ఏ కారణంతో ఎవరు అడిగినా చూపించడానికి ఉంటుంది. కాబట్టి ఏడాదికొక రోజు ఎంచుకుని "ఈరోజుతో అయిపోయింది" అని పిల్లల ఎదుట చెప్పండి. అట్టలు చిరిగిన పుస్తకాలు అటకెక్కించండి. నచ్చితే ఆ సాయంత్రం గాంధీ కొండ ఎక్కించి తీసుకురండి.

అపోహ: పిల్లల్ని ఇంట్లో చదివిస్తే చట్టరీత్యా నేరం. కేసు పెడతారు.

వాస్తవం: విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కు చేసింది. ఇందులోని నిర్బంధం ప్రధానంగా ప్రభుత్వం మీద: దగ్గర్లో బడి పెట్టాలి, చేర్చుకోవాలి, చదువు పూర్తయ్యేలా చూడాలి. పదో సెక్షన్ మాత్రం పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. అలా చేర్చకపోతే ఇంత జరిమానా, ఇన్నాళ్లు జైలు అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఇంట్లో చదివించుకోవచ్చని విడిగా అనుమతీ రాయలేదు. అందుచేత "పూర్తిగా చట్టబద్ధం" అని ధీమాగా చెప్పేవాళ్లదీ, "పోలీసులొస్తారు" అని బెదరగొట్టేవాళ్లదీ తొందరపాటే.

ఒక సందర్భంలో చట్టం ఇంటి చదువును నేరుగానే గుర్తించింది. తీవ్ర వైకల్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే విద్య పొందడాన్ని ఎంచుకునే హక్కు 2012 సవరణతో వచ్చింది. మంచం దిగలేని బిడ్డ ఉన్న తల్లిదండ్రుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? తెలియకపోతే ఇరుగుపొరుగువాళ్లయినా చెప్పాలి.

జాగ్రత్తపడాల్సిన చోటు ఇంకొకటుంది. నాలుగిళ్ల పిల్లలు కలిసి చదువుకోవడం వేరు. పోర్షను అద్దెకు తీసుకుని, టీచర్లను పెట్టి, ఫీజులు వసూలు చేస్తూ పాతిక ముప్ఫైమందిని కూర్చోబెట్టడం వేరు. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా నడిపితే రోజుకు పది వేల దాకా అని 18వ సెక్షన్ చెబుతోంది.

బడిలో పేరు లేకపోతే బడి ద్వారా వచ్చేవి రావు. మధ్యాహ్న భోజనం, పాఠ్యపుస్తకాలు, తల్లికి వందనం పథకం సొమ్ము, అన్నీ బడిలో నమోదైన పిల్లలకే. కష్టం మీద బతికే కుటుంబానికి ఇది చిన్న సంగతి కాదు. ఈ లెక్క వేసుకోకుండా, ఎవరో చెప్పారని బడి మాన్పించమని నేనెవరికీ చెప్పను.

వేసవికి వచ్చే అమెరికా చుట్టాలు ఇంటి చదువు గురించి చెప్పే మాటనూ కాస్త తూచుకోవాలి. అక్కడ అన్ని రాష్ట్రాల్లోనూ ఇంటి చదువుకు అనుమతి ఉంది, కానీ పద్ధతి ఒక్కటి కాదు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో ప్రభుత్వం దగ్గర నమోదు కూడా అక్కర్లేదు. న్యూయార్క్‌లో ఏడాది ప్రణాళికా, మూడు నెలలకొక నివేదికా ఇవ్వాలి. జర్మనీకి ఉద్యోగం మీద వెళ్లినవాళ్లకైతే ఆ దారే లేదు, పిల్లలు బడికి వెళ్లి తీరాలి.

అపోహ: సర్టిఫికెట్ రాదు. ఇంజినీరింగూ డాక్టరీ కలలో మాటే.

వాస్తవం: ప్రైవేటుగా పరీక్ష కట్టడం మనకు కొత్త కాదు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి బడి మానేశాక బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు బయటి నుంచి చదివి కూర్చున్నారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివారు, మద్రాసులో న్యాయశాస్త్రం పట్టా తీసుకున్నారు, రాజ్యాంగ పరిషత్తులో కూర్చున్నారు. మద్రాసులో ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ బడికి దూరమైన ఎందరో ఆడపిల్లలను అదే మెట్రిక్ పరీక్షకు తయారు చేసింది.

ఇప్పుడు దారులు ఇంకా సుగమం. కేంద్రం 1989లో పెట్టిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఎన్‌ఐఓఎస్ ఉంది. మన రాష్ట్రానిది 1991 నుంచి నడుస్తున్న ఏపీ ఓపెన్ స్కూల్. రెండింట్లోనూ పదో తరగతికి 14 ఏళ్లు, ఇంటర్‌కు 15 ఏళ్లు నిండాలి. ఎన్‌ఐఓఎస్‌లో పదికి కనీసం ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. ఒకసారి కట్టిన ప్రవేశం ఐదేళ్లు చెల్లుతుంది, ఈలోపు తొమ్మిది అవకాశాలు. అంటే ఒక్కో సబ్జెక్టే రాసుకుంటూ పోవచ్చు. ఓపెన్ స్కూల్లో చదివినవాళ్లు నీట్ రాయకూడదన్న నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఐదు సబ్జెక్టులతో ఎన్‌ఐఓఎస్ సీనియర్ సెకండరీ పాసైనవాళ్లు జేఈఈ మెయిన్ రాయడానికి అర్హులే.

వేసవికి సంబంధించిన చిక్కు ఇక్కడుంది. ఎన్‌ఐఓఎస్ పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు: ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరు. వీధిలో పిల్లలంతా గోలీలు, క్రికెట్టు ఆడుకుంటుంటే మీ పదిహేనేళ్ల పిల్ల సైన్స్ తిరగేస్తుంటుంది. అప్పుడు తమ్ముడికి సెలవులు, అక్కకు పరీక్షలు. ఆ రెండు నెలలూ ఇంట్లో టీవీ చప్పుడు దగ్గర్నుంచి అమ్మమ్మ ఊరి ప్రయాణం దాకా అన్నీ తగువులే. కష్టమనుకుంటే అక్టోబరు విడతకు కట్టుకోండి. అప్పుడు వేసవి అందరిదీ అవుతుంది.

అపోహ: వేసవిలో పుస్తకం మూస్తే అన్నీ మర్చిపోతారు. సమ్మర్ కోచింగ్ తప్పదు.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది, దాన్ని కొండంత చేసి చూపిస్తున్నారు. 1996లో హారిస్ కూపర్, ఆయన సహచరులు అమెరికాలో అంతవరకు జరిగిన 39 అధ్యయనాలను కలిపి చూశారు. సెలవుల తర్వాత పిల్లలు సగటున ఒక నెల చదువంత వెనకబడుతున్నారని తేల్చారు. తగ్గుదల ఎక్కువగా కూడికలు తీసివేతల్లాంటి లెక్కల్లో, స్పెల్లింగుల్లో కనబడింది. చదవడం విషయంలో మధ్యతరగతి పిల్లలు తగ్గలేదు, పేద పిల్లలు తగ్గారు. ఇంట్లో పుస్తకం అందుబాటులో ఉందా లేదా అన్నదే అక్కడ తేడా తెచ్చిందని నాకనిపిస్తుంది. ఆ లెక్కలను కూడా తర్వాతి పరిశోధకులు కొందరు ప్రశ్నించారు. పైగా అక్కడి సెలవులు మన సెలవుల కంటే పెద్దవి.

కాబట్టి రోజుకు పది నిమిషాలు నోటిలెక్కలు, పడుకునే ముందు ఒక కథ. ఇది చాలు. కథలకు కొరత లేదు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914 ఏప్రిల్ 10న పుట్టింది మన బెజవాడలోనే. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఇప్పటికీ వేసవిలో పిల్లలకు విజ్ఞాన శిబిరాలు పెడుతున్నాయి. బడి పిల్లలైనా ఇంటి పిల్లలైనా వెళ్లి కూర్చోవచ్చు.

మిగతాది మన డెల్టా వేసవే నేర్పుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలై ఊళ్లోంచి పోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువలను వేసవిలో కట్టేస్తారు. దానికి ముందే దిగువ ఊళ్లవాళ్లు మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు. నిండుగా పారే కాలువనే చూసిన పిల్లవాడు దాని అడుగు చూసేది అప్పుడే: పూడిక, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, లాకుల గుమ్మాలు. నీళ్లు ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు, మళ్లీ ఎప్పుడు వదులుతారు అని వాడే అడుగుతాడు. మళ్లీ నీళ్లు వదిలిన రోజు వాణ్ని వంతెన మీదకు తీసుకెళ్లండి.

ఆవకాయ రోజులూ అంతే. మామిడికాయలు కాళేశ్వరరావు మార్కెట్లోనో నున్న మామిడి మార్కెట్లోనో బేరమాడి తెచ్చి, టెంకతో సహా ముక్కలు కొట్టించి, జీడి తీసి, పొడిగుడ్డతో తుడిచి ఆరబెడతారు. నాలుగు గిన్నెల ముక్కలకు కారం, ఆవపిండి, ఉప్పు తలా ఒక గిన్నె అని ఒక ఇంటి కొలత. పక్కింట్లో ఉప్పు కాస్త తగ్గుతుంది. "అయిదు గిన్నెల ముక్కలుంటే కారం ఎంత, నాయనమ్మా?" అన్న ప్రశ్న పిల్లవాడే వేస్తాడు. వాడికి భిన్నాలు అక్కడ తెలిసొస్తాయి. మూడో రోజు జాడీ తిరగేసినప్పుడు, నీళ్లు పోయకపోయినా ఊట ఎక్కణ్నుంచి వచ్చిందో అడగాలనిపిస్తుంది. ముక్కలోని నీటిని ఉప్పు బయటికి లాగిందని చెబితే సరిపోతుంది.

అయితే ప్రతి మామిడికాయనూ పాఠం చేయకండి. ఇంటి చదువుల తల్లిదండ్రులకు ఈ అలవాటు ఎక్కువ. ముంజె తింటున్న పిల్లవాణ్ని ముంజె తిననివ్వాలి. ఏమీ తోచక మంచం మీద దొర్లే మధ్యాహ్నం కూడా వాడికి దక్కాలి.

అపోహ: ఇంట్లో చదివే పిల్లలకు నలుగురిలో మెలగడం రాదు.

వాస్తవం: ఇంట్లో బంధించి ఉంచితే రాదు. వన్ టౌన్‌లో ఎవరినైనా బంధించి ఉంచడం ఎలా? గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, మేడ మీద మేడ, కింద కొట్టు. నిజానికి వేసవే ఈ పిల్లలకు మంచికాలం, బడి పిల్లలందరూ వీధిలో దొరుకుతారు. తోడు లేక వెలితిగా గడిచేది వేసవి కాదు, జూన్ తర్వాత మధ్యాహ్నాలు. ఆ వెలితి నిజమైనదే, తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. ఈత, చదరంగం, సంగీతం, ఏదో ఒక గుంపులో వారానికి కొన్ని రోజులైనా ఉండేలా సెలవుల్లోనే చూసి పెట్టుకోవాలి.

అపోహ: ఒకసారి మానేస్తే మళ్లీ ఏ బడీ చేర్చుకోదు.

వాస్తవం: ఇంటి చదువు సరిపడక జూన్‌లో బడికి తిరిగి వెళ్లాలనుకుంటే తప్పేమీ లేదు, ఓటమీ కాదు. బిడ్డ బడి అడిగితే బడికే పంపాలి. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఆరేళ్లు దాటినా బడిలో చేరని, లేదా మధ్యలో మానేసిన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. వెనకబడినచోట మిగతావాళ్లతో సమానమయ్యేలా ప్రత్యేక శిక్షణ పొందడం ఆ బిడ్డ హక్కు. వయసు ధ్రువపత్రం లేదని ప్రవేశం కాదనకూడదని 14వ సెక్షన్. అలా చేరిన పిల్లలకు 14 ఏళ్లు నిండిపోయినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచిత విద్య హక్కు ఉంటుంది. మే నెలలోనే దగ్గరి మున్సిపల్ బడి హెడ్‌మాస్టరు గారి వివరాలు కనుక్కుని ఉంచుకోండి. పుట్టిన తేదీ పత్రం, ఆధార్, ఏడాది ఫైలు పట్టుకుని బళ్లు తెరిచిన మొదటి వారంలోనే వెళ్లి కలవండి. పిల్లవాణ్ని కూడా వెంట తీసుకెళ్లండి, ఏ తరగతి గదిలో కూర్చోబోతున్నాడో వాడు చూసుకోవాలి.