కొమ్మకు వేరు, నీటికి గాలి

చెరకు వేసే రైతు విత్తనం చల్లడు. కణుపులున్న ముచ్చెలను సాళ్లలో పరిచి, మన్ను కప్పి, నీరు పెడతాడు. పలమనేరు, కుప్పం, మదనపల్లె ప్రాంతాల్లో పట్టుపురుగులు పెంచే కుటుంబాలు మల్బరీ తోటను మూడు నాలుగు కళ్లున్న కొమ్మ ముక్కలతోనే వేసుకుంటాయి. పెరటి గోడ పక్కన గుచ్చిన మునగ కొమ్మ చిగురించడం చిత్తూరు సీమలో ఎవరికీ వింత కాదు. ఇలా తల్లి మొక్క నుంచి కోసిన ముక్క తనంతట తాను వేళ్లు తొడిగి పూర్తి మొక్కగా నిలబడడాన్ని వృక్షశాస్త్రం శాకీయోత్పత్తి అనీ, ఆ ముక్కను ఛేదనం అనీ అంటుంది. విత్తనం నుంచి దిగే తల్లివేరుతో సంబంధం లేకుండా కాండం మీదే కొత్తగా పుట్టుకొచ్చే వేళ్లకు తెలుగు పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు 'అబ్బురపు వేళ్లు'. శాస్త్ర పరిభాషలో ఇంత అందమైన మాటలు అరుదు.

కొన్ని మొక్కలకు ఇంతకు మించి దారి లేదు. పూల అంగళ్లలో ఎక్కువగా కనిపించే ఢిల్లీ కనకాంబరం మూడు వరుసల క్రోమోజోములున్న రకం కావడంతో దానికి గింజ కట్టదు. ఆ రకం ప్రతి మొక్కా మరో మొక్క కొమ్మే. గుండుమల్లె కూడా మన దగ్గర సాధారణంగా విత్తనం పట్టదు కనుక అంటు తొక్కడమో, కొమ్మలు నాటడమో చేయాలి. తిరుమలను వైష్ణవ సంప్రదాయం పుష్పమండపమని పిలుస్తుంది. రామానుజుల ఆజ్ఞ మేరకు అనంతాళ్వారు అక్కడ పూలతోట పెంచాడని చెబుతారు. ఆయనదని చెప్పే గునపాన్ని ఆలయ మహాద్వారం దగ్గర భక్తులు నేటికీ చూస్తారు. అక్కడ స్వామి మాలల్లో చేరే తులసి, మరువం, చామంతి మూడూ లేత కొమ్మ నుంచి సులువుగా వేళ్లు తొడిగేవే. ఇలాంటి మొక్కలను ఇంట్లోనే, తక్కువ చోటులో, తక్కువ నష్టంతో పెంచుకోవడానికి పనికొచ్చే చిన్న సాధనమే బుడగల తొట్టి.

దాని అవసరం తెలియాలంటే గాజు సీసాలో పెట్టిన కొమ్మ ఎందుకు కుళ్లుతుందో ముందు చూడాలి. చాలామంది నీళ్లు ఎక్కువైనందువల్ల కుళ్లిందనుకుంటారు; నిజానికి ఆ కొమ్మకు తక్కువైంది ఊపిరి. కోసిన చోట గాయం మాన్పుకోవడానికి, కొత్త కణాలు కట్టుకోవడానికి మొక్కకు శక్తి కావాలి, ఆ శక్తి శ్వాసక్రియ వల్ల వస్తుంది, శ్వాసక్రియకు ఆక్సిజన్ కావాలి. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీరు గాలి నుంచి పట్టుకోగలిగేది సుమారు 9 మిల్లీగ్రాములు మాత్రమే; నీరు 30 డిగ్రీలకు చేరితే అది ఏడున్నరకు, 35 డిగ్రీలకు ఏడుకు పడిపోతుంది. అంతేకాక కదలని నీటిలో ఆక్సిజన్ ఒకచోటి నుంచి మరోచోటికి పాకే వేగం గాలిలో కంటే దాదాపు పది వేల రెట్లు తక్కువ కావడంతో, కొమ్మ చివర ఉన్న ఆక్సిజన్ అయిపోయాక పైనుంచి కొత్తది వచ్చి చేరడానికి చాలా సమయం పడుతుంది. ఈలోగా ఆక్సిజన్ లేకుండానే బతికే సూక్ష్మజీవులు అక్కడ పెరిగి, కాండం నల్లబడి, నీరు వాసన కొడుతుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే తిరుపతిలో చిక్కు ఇంకొంత ముదురుతుంది: నీరు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, అదే వేడికి కొమ్మ శ్వాస పెరిగి ఆక్సిజన్ అవసరం హెచ్చుతుంది.

బుడగల తొట్టి చేసేదల్లా ఈ లోటును నిరంతరం పూడ్చడం. చేపల తొట్టెలు అమ్మే దుకాణాల్లో దొరికే చిన్న ఎయిర్ పంపు గాలిని సన్నని గొట్టం గుండా అడుగునున్న ఎయిర్ స్టోన్‌కు పంపుతుంది. సన్నని రంధ్రాలున్న ఆ రాయి గాలిని చిన్న చిన్న బుడగలుగా చీలుస్తుంది. బుడగ వ్యాసం సగమైతే, అంతే గాలికి నీటితో తాకే మొత్తం వైశాల్యం రెట్టింపవుతుంది కనుక పెద్ద బుడగలు నాలుగు కంటే సన్న బుడగలు నలభై మేలు. పైకి లేచే బుడగలు అడుగు నీటిని పైకి తెచ్చి, పై నీటిని కిందికి తోసి, తొట్టి అంతటా ఒకే స్థాయిలో గాలి కలిసేలా చేస్తాయి. ఉపరితలానికి చేరి పగిలినప్పుడు సన్నని తుంపర్లు ఎగజిమ్ముతాయి. మూతకూ నీటికీ మధ్య ఉన్న జానెడు లోపు చోటు ఆ తుంపర్లతో ఎప్పుడూ తడిగా, గాలితో నిండి ఉంటుంది. వేళ్లు పుట్టడానికి అనువైన చోటు ఇదే.

తయారీకి పది నుంచి పదిహేను లీటర్లు పట్టే, గట్టి మూతున్న, వెలుతురు చొరని బకెట్టు చాలు. పెయింటు బకెట్టు వాడితే లోపలి పొర పూర్తిగా ఊడేదాకా తోమి కడగాలి. ఇంట్లో పిండికో బియ్యానికో వాడి పక్కన పెట్టిన డబ్బా అయితే ఆ బెడద ఉండదు. వెలుతురు పడితే నాచు పడుతుంది కాబట్టి తెల్లటి బకెట్టయితే బయట నల్ల రంగు వేసి, వేడి పట్టకుండా దానిపై తెల్ల రంగు పూయడం మంచిది. మూతకు నాలుగు సెంటీమీటర్ల వెడల్పున ఎనిమిదో పదో రంధ్రాలు, ఒకదానికొకటి ఆరేడు సెంటీమీటర్ల దూరంలో, వడ్రంగి దగ్గరుండే హోల్ సాతో వేయించుకోవచ్చు. అరిగిపోయిన హవాయి చెప్పుల స్పాంజిని బాగా కడిగి, రంధ్రం కంటే కాస్త పెద్ద బిళ్లలుగా కోసి, అంచు నుంచి నడిమికి ఒక చీలిక పెడితే కొమ్మను నలగకుండా పట్టుకునే బిరడా తయారవుతుంది. అన్నింటికంటే ముఖ్యమైన జాగ్రత్త పంపును ఉంచే చోటు గురించి: అది తప్పనిసరిగా నీటిమట్టం కంటే ఎత్తులో ఉండాలి. కింద ఉంటే, కరెంటు పోయిన మరుక్షణం గొట్టం గుండా నీరు వెనక్కి జారి పంపులోకి చేరి, షాకుకు, మంటకు కారణం కావచ్చు. గొట్టంలో ఒకవైపే గాలిని పోనిచ్చే చిన్న వాల్వు బిగిస్తే ఆ భయం మరింత తగ్గుతుంది. ఐదు వాట్ల పంపు రాత్రింబవళ్లు తిరిగినా నెలకు నాలుగు యూనిట్ల లోపే కాలుతుంది. గంటో రెండు గంటలో కరెంటు లేకపోతే కొమ్మలకు హాని ఉండదు. పూటంతా కోత పడే పల్లెల్లో మాత్రం బ్యాటరీతో నడిచే పంపు ఒకటి దగ్గర పెట్టుకోవాలి.

ఈ విదేశీ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకుంటే రాయలసీమ ఎండకు అది నిలవదు. వేళ్లు పుట్టడానికి 22 నుంచి 26 డిగ్రీల నీరు అనువైనది. చల్లని దేశాల్లో నీటిని వెచ్చబెట్టడానికి హీటరు వాడుతుంటే, ఇక్కడ చల్లబరచడమే సమస్య. దీనికి పరిష్కారం ప్రతి ఇంటి వసారాలోనూ ఉంది. పూత లేని మట్టి కడవ గోడల్లోంచి ఊరే నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని లాక్కుంటుంది. గాలిలో తేమ తక్కువగా ఉండే ఫాల్గుణ, చైత్ర మాసాల్లో ఈ చల్లదనం మరీ ఎక్కువ. వెడల్పు మూతి ఉన్న కడవను ఎంచుకుని, మూతికి సరిపోయే మందపాటి థర్మకోల్ బిళ్లను కోసి, దానికి రంధ్రాలు పెడితే బకెట్టు మూత చేసే పనంతా అది చేస్తుంది. వెలుతురు ఎలాగూ లోపలికి రాదు. నీరు రోజూ కొంత తగ్గుతుంది కనుక సాయంత్రం నింపుకోవాలి, కడవను నీడలో ఇసుక మీద కూర్చోబెట్టాలి, పంపును కూడా నీడలోనే ఉంచాలి. ఎండలో కాగిన గాలిని పీల్చి నీటిలోకి పంపితే చేసిన మేలు కాస్తా పోతుంది. వేల సంవత్సరాలుగా తాగునీటికి వాడుతున్న పాత్ర ఈ పనికి ప్లాస్టిక్ బకెట్టు కంటే మెరుగ్గా సరిపోతుందని గట్టిగా చెప్పవచ్చు.

నీటి సంగతి కూడా తేలిక కాదు. చాలా గ్రామాల్లో బోరు నీరు ఉప్పు, సున్నం ఎక్కువగా ఉండి పాత్రల అంచుల్లో తెల్లటి పొర కడుతుంది. అలాంటి నీటికి బదులు వాననీరు, లేదా సగం వరకు వడబోత యంత్రం నీరు కలిపినది వాడటం మంచిది. క్లోరిన్ కలిపిన కుళాయి నీటిని ఒక రాత్రి వెడల్పు గిన్నెలో ఉంచి తీసుకోవాలి. వేళ్లు రాకముందు ఎరువు వేయకూడదు. వేళ్లు లేని కొమ్మ దాన్ని వాడుకోలేదు, సూక్ష్మజీవులు మాత్రం చక్కగా వాడుకుంటాయి. వారానికొకసారి నీరు మార్చడం, మార్చినప్పుడల్లా గోడలకు పట్టిన జిగురును రుద్ది కడగడం తప్పనిసరి.

కొమ్మను తెల్లవారుజామున, మొక్కలో నీరు నిండుగా ఉన్నప్పుడు కోయాలి. పది నుంచి పదిహేను సెంటీమీటర్ల పొడవు, పూత లేని, మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మ మంచిది. స్పిరిటుతో తుడిచిన పదునైన బ్లేడుతో కణుపుకు సరిగ్గా కింద కోయడానికి కారణముంది: వేళ్లను పుట్టించే కణాలు, వాటికి కావలసిన ఆహారం కణుపు దగ్గర ఎక్కువ. కింది ఆకులు తీసేసి, పై ఆకులు పెద్దవైతే సగానికి కత్తిరించాలి, ఎందుకంటే వేళ్లు లేని కొమ్మ ఆకుల ద్వారా పోయే నీటిని పూడ్చుకోలేదు. కొమ్మ కింది కొస రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే నీటిని తాకితే చాలు, మిగతా భాగం తుంపర్లలో తడుస్తుంది. రెండు మూడు రంధ్రాలు పెట్టిన పారదర్శకపు కవరును పైన కప్పి, తూర్పు కిటికీ దగ్గర, నేరుగా ఎండ తగలని చోట ఉంచాలి.

ఆ తర్వాత మూత ఎత్తి చూస్తూ ఉండటమే పని. మూడు నాలుగు రోజులకు కోసిన చోట పాలిపోయిన రంగులో చిన్న ఉబ్బు కనిపిస్తుంది. గాయాన్ని మూసే ఈ కణాల ముద్దను కాలస్ అంటారు. వారం తిరిగేసరికి తులసి, చామంతి కాండం మీద ఆవగింజలో సగం ఉండే తెల్లటి పొక్కులు లేస్తాయి, పైతోలు నిలువుగా చిట్లుతుంది, ఆ చీలికలోంచి దారం కొసలాంటి తెల్లటి వేరు మొన బయటికి వస్తుంది. చామంతికి రెండు వారాలు చాలు. మల్లెకు, గులాబీకి నెల పట్టవచ్చు, కొన్ని కొమ్మలు అసలు వేళ్లు వేయవు. కొమ్మ మెత్తబడి నల్లబడితే వెంటనే తీసేయాలి, పక్క కొమ్మలకు అంటుకుంటుంది.

లోపల జరిగే పని వెనుక ఒక హార్మోన్ ఉంది. 1928లో నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల మీద చేసిన ప్రయోగాలతో, పెరుగుదలను నడిపే పదార్థం మొలక కొసలో తయారై కిందికి ప్రవహిస్తుందని రుజువు చేశాడు. దానికే ఆక్సిన్ అని పేరు. చిగుళ్ల నుంచి దిగివచ్చిన ఆక్సిన్ కోసిన చోట ముందుకు పోలేక పోగుపడి, అక్కడి కణాలను వేళ్లుగా మారమంటుంది. తలకిందులుగా పెట్టిన కొమ్మ సరిగ్గా నాటుకోకపోవడానికి ఇదే కారణం. 1935లో అమెరికాలోని బాయిస్ థాంప్సన్ సంస్థలో జిమ్మర్‌మన్, విల్కాక్సన్ అనే శాస్త్రవేత్తలు ఇండోల్ బ్యూటరిక్ ఆమ్లం వేళ్లు పుట్టిస్తుందని చూపించారు. నర్సరీల్లో ఐబీఏ అని పిలిచే మందు అదే. తులసికీ చామంతికీ అది అక్కర్లేదు. మల్లె, కనకాంబరం కొమ్మలను లీటరుకు ఒకటి రెండు గ్రాముల ద్రావణంలో ఐదు సెకన్లు ముంచి, ఆరనిచ్చి పెడితే సరిపోతుంది. పొడి మందైతే బుడగలకు కొట్టుకుపోతుంది.

ఈ తొట్టి అన్నింటికీ మందు కాదు. చిత్తూరు రైతు బెంగళూరా అని పిలుచుకునే తోతాపురి మామిడి కొమ్మకు వేళ్లు రావడం చాలా కష్టం. టెంకె మొక్క మీద అంటు కట్టడమే సరైన దారి. చీనీని రంగపూర్ నిమ్మ మీద కన్ను అంటుగా కట్టేది ఆ వేరుమూలం బలం కోసం. సొంత వేళ్ల మీద నిలిచిన చీనీకి ఆ రక్షణ ఉండదు. శేషాచలం కొండల ఎర్రచందనం ప్రధానంగా గింజల నుంచే పెరుగుతుంది, అడవిలో దాని కొమ్మ విరవడం నేరం కూడా. తొట్టి నిజంగా అక్కరకొచ్చేది కనకాంబరం వంటి పూల మొక్కలకు. ఆ పంటను ఎండగట్టే నులిపురుగులు మట్టితో పాటే ఒక తోట నుంచి మరో తోటకు చేరతాయి; మట్టి తగలకుండా వేళ్లు తొడిగిన మొక్కతో అవి రావు.

వేళ్లు నాలుగైదు సెంటీమీటర్లు రాగానే మట్టికి మార్చాలి. నీటిలో పుట్టిన వేరు పెళుసు, దానికి నేల తేమను పీల్చే సన్నని నూగు వేళ్లు తక్కువ. బారెడు పెరిగేదాకా ఆగితే మార్చేటప్పుడే విరిగిపోతుంది. కడిగిన కొబ్బరి పొట్టు, ఇసుక, కొంచెం వానపాముల ఎరువు కలిపిన చిన్న సంచిలో వేలితో గుంట చేసి, వేళ్లను వేలాడేసినట్టు దించి, మిశ్రమాన్ని నొక్కకుండా నీటితోనే సర్దాలి. మొదటి వారం ఆ మిశ్రమం బురదకు కాస్త తక్కువ తడిగా ఉండాలి, కవరు కప్పి ఉంచాలి. రెండో వారం కవరును పూటకింత తెరుస్తూ, తడిని తగ్గిస్తూ రావాలి. ఆశ్వయుజ, కార్తిక మాసాల్లో ఈశాన్య రుతుపవనం తిరుపతి మీద మబ్బు కమ్మినప్పుడు ఈ మార్పిడి చేస్తే గాలిలోని తేమే కవరు పని చేస్తుంది. మల్లె కొమ్మ సంచిలో నిలదొక్కుకుని కొత్త ఆకు జత విప్పేసరికి, తొట్టిలో నీరు మార్చి మరో పది కొమ్మలు పెట్టుకోవచ్చు.