ఒకే పచ్చికలో పలు గుర్రాలు

పశువులు నీళ్ళతొట్టి దగ్గరకు చేరినప్పుడు ఒకసారి గమనించండి. ఒక గేదె కొమ్ము విసరగానే తక్కినవి తొలగి దారి ఇస్తాయి. అది త్రాగి వెళ్ళిన తరువాతనే అవి తొట్టిలో మూతి పెడతాయి. మందలో ఏది ముందు, ఏది వెనుక అన్నది వాటికి తెలుసు.

గుర్రాలకు కొమ్ములు లేవు. వాటి ముఖ్యమైన ఆయుధాలు రెండు. ఒకటి ముందరి పళ్ళు, రెండవది వెనుక కాళ్ళు. గుర్రం నోటి ముందు భాగంలో పైన ఆరు, క్రింద ఆరు పళ్ళు ఉంటాయి. వీటిని కుంతకాలు అంటారు. గడ్డిని మొదలంటా కొరికి తెంపే ఈ పళ్ళు తోటి గుర్రం చర్మాన్ని కూడా చీల్చగలవు. మరి ఒకే కంచె లోపల ఎన్నో గుర్రాలను మేపేవారు అవి కరచుకోకుండా ఎట్లా కాపాడుతారు? అమెరికా సంయుక్త రాష్ట్రాలలో గుర్రాలను పెంచేవారి పద్ధతులు చూచి ఈ సంగతి తెలుసుకుందాం.

ఆ దేశపు తూర్పు తీరంలో అస్సటీగ్ అనే సన్నని దీవి ఉంది. దాని పొడవు 37 మైళ్ళు. ఉత్తర భాగం మేరీలాండ్ రాష్ట్రానిది, దక్షిణ భాగం వర్జీనియా రాష్ట్రానిది. ఆ దీవిలో గుర్రాలు ఎంతో కాలంగా ఆరుబయటనే బ్రతుకుతున్నాయి. సరిహద్దు దగ్గర ఉన్న కంచె వాటిని రెండు మందలుగా విడదీస్తుంది. ఒక మందను జాతీయ ఉద్యానవనాల శాఖవారు చూచుకుంటారు. రెండవ మంద చింకోటీగ్ అనే ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళానిది.

ఈ గుర్రాలు చిన్న చిన్న గుంపులుగా తిరుగుతాయి. సాధారణంగా ఒక్కొక్క గుంపులో ఒక మగగుర్రం, కొన్ని ఆడగుర్రాలు, వాటి పిల్లలు ఉంటాయి. అవీ అప్పుడప్పుడు కరచుకుంటాయి, తన్నుకుంటాయి. కాని అక్కడ ఓడిన గుర్రానికి తప్పుకొని పోవడానికి చోటు ఉంది. నాలుగడుగులు దూరం జరిగితే తగవు తీరిపోతుంది.

కంచె వేసిన బయలులో ఆ వీలు తక్కువ. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. మేత ఒకేచోట పోస్తే బలమైన గుర్రం తక్కినవాటిని దగ్గరకు రానీయదు. మూలకు చిక్కిన గుర్రం కాటు తప్పించుకోలేదు. కొత్త గుర్రాన్ని హఠాత్తుగా మందలో వదిలితే, దాని స్థానమేమిటో తేలేవరకు పోరు సాగుతుంది. కాబట్టి గుర్రం కరిచిందంటే అది పొగరుబోతు అని వెంటనే అనుకోరాదు. దానికి చోటు చాలిందా, మేత అందిందా అని మొదట చూడాలి.

గుర్రం సాధారణంగా చెప్పకుండా కరవదు. ముందుగా చెవులను వెనక్కు అణచి మెడకు ఆనిస్తుంది. తరువాత మెడ చాచి తల వంచుతుంది. అప్పటికీ ఎదుటి గుర్రం తొలగకపోతే పళ్ళు చూపుతుంది. ఆఖరున కరుస్తుంది. కలసి పెరిగిన గుర్రాలలో చెవులు అణచేసరికే తగవు ముగుస్తుంది. అందుచేత మందను మాటిమాటికీ మార్చకుండా ఉంచడం మంచిది.

పళ్ళు తగిలిన ప్రతిసారీ అది పోట్లాట కాదు. రెండు గుర్రాలు ఎదురెదురుగా నిలిచి, ఒకదాని మూపును ఒకటి మెల్లగా కొరుకుతూ ఉండడం చూడవచ్చు. అది స్నేహం. అట్లా మూపు దగ్గర గోకినప్పుడు గుర్రం గుండె వేగం తగ్గి నెమ్మదిస్తుందని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. గుర్రపు పిల్ల పెద్దవాటి ముందు నోరు తెరచి మూస్తూ దవడలు ఆడిస్తుంది. ‘నేను చిన్నదానిని, నన్ను ఏమీ చేయకు’ అని దాని భావం.

ఇక నివారణ మార్గాలు చూద్దాం. మొదటిది మేత. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అని మన సామెత. గుర్రం రోజులో ఎక్కువ భాగం మేస్తూనే గడుపుతుంది. పచ్చిక చాలనప్పుడు ఎండుగడ్డి వేయాలి. నాలుగు గుర్రాలుంటే ఐదు కుప్పలు వేయాలి. కుప్పకూ కుప్పకూ మధ్య బాగా ఎడం ఉండాలి. బలమైన గుర్రం ఒకదానిని తరిమితే, తరిమిన గుర్రం వదలిన కుప్పో, మిగిలిన ఐదవ కుప్పో దానికి దొరుకుతుంది. దాణా మాత్రం ఒక్కొక్కదానిని విడిగా కట్టి పెట్టాలి. నీళ్ళతొట్టి కూడా మూలలో కాక, నాలుగు వైపుల నుండి చేరగల చోట ఉంచాలి.

రెండవది చోటు. పచ్చిక బాగా పెరిగే తూర్పు రాష్ట్రాలలో గుర్రానికి సుమారు రెండెకరాలు కావాలంటారు. వానలు తక్కువైన పడమటి రాష్ట్రాలలో అంతకు ఎన్నో రెట్లు కావాలి. కంచెకు ఇరుకు మూలలు ఉండరాదు. ముళ్ళతీగె అసలే పనికిరాదు. తరిమినప్పుడు గుర్రం దానిలో చిక్కుకొని గాయపడుతుంది. నీడకోసం వేసే సాలకు వెడల్పయిన వాకిలి కాని, రెండు దారులు కాని ఉండాలి.

మూడవది పరిచయం. కొత్త గుర్రాన్ని మొదట కొన్ని వారాలు వేరుగా ఉంచుతారు. దానికి అంటువ్యాధి ఏదైనా ఉంటే ఈలోగా బయటపడుతుంది. తరువాత ప్రక్క బయలులో కట్టుదిట్టమైన కంచె అవతల వదులుతారు. కొన్నాళ్ళు ఒకదానినొకటి చూచి, వాసన చూచి అలవాటు పడతాయి. ఆ పిమ్మట మందలోని నెమ్మదైన గుర్రం ఒకదానితో జత చేస్తారు. చివరకు అన్నింటితో కలుపుతారు. అప్పుడు వెనుక కాళ్ళ లాడాలు తీసివేయడం కూడా ఉంది. లాడం లేని గిట్ట తన్నినా దెబ్బ కొంత తగ్గుతుంది.

ఇంత చేసినా కొన్ని గుర్రాలు కరవడం మానవు. వాటిని వేరుగా మేపాలి. మన రైతులు నూర్పిళ్ళలో ఎద్దుల మూతికి చిక్కం కట్టినట్లు, అమెరికాలో గుర్రాలకూ చిక్కం కడతారు. అది ముఖ్యంగా అతిగా మేయకుండా కట్టేది. కరవడాన్ని కూడా కొంత ఆపుతుంది. అయితే అది కట్టినా గుర్రం నీళ్ళు త్రాగగలగాలి. రోజంతా దానిని ఉంచరాదు.

కాటు పడితే గాయాన్ని శుభ్రమైన నీటితో కడిగి, లోతుగా ఉంటే పశువైద్యుని పిలవాలి. గుర్రాలకు ధనుర్వాతం తేలికగా సోకుతుంది. అందువలన ప్రతి గుర్రానికీ ముందుగానే టీకా వేయించాలని అమెరికా అశ్వవైద్యుల సంఘం చెబుతున్నది.

గుర్రాలు పోట్లాడుతున్నప్పుడు పిల్లలు వాటి మధ్యకు పోరాదు. చేతిలో తినుబండారం పట్టుకొని మందలోకి వెళ్ళరాదు. అస్సటీగ్ దీవిలో చూడవచ్చినవారు గుర్రాలకు కనీసం 40 అడుగుల దూరంలో ఉండాలని నియమం.

మందలో చిన్నదీ, ముసలిదీ, కొత్తదీ కూడా కడుపునిండా మేయాలి. బలమైనదానిని కొట్టినందువలన అది జరగదు. మరొక గడ్డికుప్ప వేసి, తప్పుకొనే దారి ఉంచినందువలన జరుగుతుంది. ఆ పని గుర్రాలు చేసుకోలేవు. కంచె కట్టిన మనిషే చేయాలి.

ప్రశ్నలు

1. అస్సటీగ్ దీవిలోని గుర్రాలకూ కంచెలోని గుర్రాలకూ తేడా ఏమిటి?
2. గుర్రం కరవబోతున్నదని ఎట్లా గుర్తించవచ్చు?
3. నాలుగు గుర్రాలకు ఐదు గడ్డికుప్పలు ఎందుకు వేయాలి?
4. మీ తరగతిలోకి కొత్త విద్యార్థి వస్తే, అతనికి చోటు కల్పించడానికి మీరేమి చేస్తారు? ఐదు వాక్యాలలో వ్రాయండి.